కోస్తున్నమా? కోసినమా?

బి.యస్సీ. చదివే అమ్మాయికి వ్యాకరణంతో ఏం పని, అందులోనూ ఎక్కడో ఉన్న యుగోస్లావియా వాళ్ల వ్యాకరణంతో ఏం పని అని మిత్రులు అడుగుతున్నారు. పని ఉంది. ఒక చర్య జరుగుతూ ఉండటం వేరు, అది పూర్తయి ఫలితం చేతికి రావడం వేరు అని మనం ప్రతిరోజూ ప్రయోగశాలలో నేర్చుకుంటూనే ఉన్నాం. బ్యూరెట్‌లోంచి క్షారం చుక్కలు చుక్కలుగా పడుతున్నప్పుడు ఒక స్థితి, ద్రావణం గులాబీ రంగుకు తిరిగి నిలిచిపోయినప్పుడు ఇంకొక స్థితి. రెండింటికీ ఒకే రీడింగు రాస్తే లెక్చరర్ గారు ఊరుకుంటారా? ఊరుకోరు. ఆ తేడాను ప్రతి మాటలోనూ పట్టించుకునే భాషలు లోకంలో కొన్ని ఉన్నాయి. సెర్బో-క్రొయేషియన్ వాటిలో ఒకటి.

నేను ఆ భాష మాట్లాడలేను. దాని క్రియల పట్టికలను మాత్రం పట్టుదలగా చదివాను. చదివినకొద్దీ మా జల్‌పల్లిలో, మా ఇంట్లో, మా పక్కింట్లో వినిపించే మాటలు నాకు కొత్తగా వినిపించసాగాయి. ఆ సంగతే ఈ వ్యాసంలో చెబుతాను. ముందు వాళ్ల క్రియ ఎలా నడుస్తుందో చూద్దాం. తరువాత మన క్రియ దగ్గరికి వద్దాం. చివరగా ఈ తేడా ఒక రైతు ఇంటికి ఎంత ఖరీదైనదో చూద్దాం.

ఒక భాష, నాలుగు పేర్లు

పూర్వపు యుగోస్లావియా పేరు మన పెద్దలకు బాగా తెలుసు. 1961లో అలీన దేశాల మొదటి శిఖరాగ్ర సభ జరిగింది దాని రాజధాని బెల్‌గ్రేడ్‌లోనే. టిటో, నెహ్రూ, నాసర్ పేర్లు ఒక తరానికి ఒకే ఊపిరిలో వచ్చేవి. ఆ దేశంలో అత్యధికులు మాట్లాడిన భాష సెర్బో-క్రొయేషియన్. సెర్బులు, క్రొయేట్లు మాట్లాడేది ఒకే భాష అని 1954లో నోవిసాద్ అనే పట్టణంలో పండితులు, రచయితలు ఒప్పందం చేసుకున్నారు. 1991 నుంచి దేశం ముక్కలు కావడం మొదలైంది, యుద్ధాలు జరిగాయి. దేశంతో పాటు భాష పేరు కూడా విడిపోయింది. ఈనాడు దానిని సెర్బియన్, క్రొయేషియన్, బోస్నియన్, మాంటెనెగ్రిన్ అని నాలుగు పేర్లతో పిలుస్తున్నారు. కొందరు రోమన్ లిపిలో రాస్తారు, కొందరు సిరిలిక్ లిపిలో రాస్తారు, సెర్బులు రెండింటిలోనూ రాస్తారు. కొన్ని మాటలు తేడా, కొన్ని అచ్చులు తేడా. అయితే నేను కింద ఇవ్వబోయే క్రియల పట్టిక మాత్రం నాలుగు పేర్ల వాళ్లకూ ఒక్కటే. సరిహద్దులు మారాయి గాని క్రియాపదం చివర ఉన్న ప్రత్యయం మారలేదు.

క్రియకు ఒక చూపు

క్రియ అనగానే మనకు కాలం గుర్తుకొస్తుంది. భూత, భవిష్యత్, వర్తమానాలు. పని ఎప్పుడు జరిగింది అన్నది కాలం. పని ఎంతవరకు వచ్చింది అన్నది వేరే ప్రశ్న. ఈ రెండో ప్రశ్నకు వాళ్ల వ్యాకరణంలో ‘వీద్’ అని పేరు. ఆ మాటకు ‘చూపు’ అని అర్థం. సంస్కృతంలో ‘విద్’ ధాతువుకు అది చుట్టమే. పనిని లోపలినుంచి, అది సాగుతుండగా చూస్తే ముగియని క్రియ. బయటనుంచి, మొదలూ చివరా కలిపి ఒక ముద్దగా చూస్తే ముగిసిన క్రియ. లెక్కల మిత్రులకు ఇంకా తేలికగా చెప్పవచ్చు. ముగియని క్రియ ఓపెన్ ఇంటర్వల్, దాని కొసలు లెక్కలోకి రావు. ముగిసిన క్రియ క్లోజ్డ్ ఇంటర్వల్, కొసలు లోపలే ఉంటాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. మన బడి వ్యాకరణంలో ‘అసమాపక క్రియ’ అని ఒకటి చదివాం. ‘కోసి’, ‘కోస్తూ’ లాగా వాక్యాన్ని ముగించలేని క్రియలవి. ఇక్కడ నేను చెబుతున్న ముగియని క్రియ అది కాదు. అక్కడ ముగియనిది వాక్యం, ఇక్కడ ముగియనిది పని.

ఆ భాషలో దాదాపు ప్రతి పనికీ రెండు క్రియలు జంటగా ఉంటాయి. చదవడానికి ‘చితాతి’ ముగియనిది, ‘ప్రొచితాతి’ ముగిసినది. రాయడానికి ‘పీసతి’, ‘నపీసతి’. గడ్డి కోయడానికి ‘కొసితి’, ‘పొకొసితి’. ముందు ఒక ఉపసర్గ తగిలిస్తే పని పూర్తయినట్టు. కొన్ని జంటల్లో వరస తిరగబడుతుంది. కొనడానికి చిన్న రూపం ‘కూపితి’ ముగిసినది, దానికి మధ్యలో ప్రత్యయం చేర్చి పొడిగించిన ‘కుపోవతి’ ముగియనిది. బేరమాడి కొంటూ ఉండటానికి పొడుగు మాట, డబ్బిచ్చి సంచిలో వేసుకోవడానికి పొట్టి మాట అన్నమాట.

విద్యార్థులకు నచ్చే జంట ఇంకొకటుంది. ‘ఉచితి’ అంటే చదువుతూ ఉండటం, ‘నఉచితి’ అంటే చదివినది బుర్రకెక్కడం. ‘ఉచిలా సమ్, అలి నిసమ్ నఉచిలా’ అంటే ‘చదివిన గానీ రాలేదు’ అని. పరీక్షలయ్యాక మన హాస్టల్ వరండాలో వినిపించే మాటే అది. ఒకే ధాతువుతో, ఒక్క ‘న’ తేడాతో, వాళ్లు సప్లిమెంటరీ చరిత్ర మొత్తం చెప్పేస్తారు.

‘కొసితి’ ఎలా నడుస్తుంది

పట్టిక కోసం నేను ‘కొసితి’ని ఎంచుకోవడానికి కారణం ఉంది. పొడుగు కర్ర పిడి ఉన్న పెద్ద కొడవలి అక్కడి రైతుల పనిముట్టు, దాని పేరు ‘కొస’. దానితో గడ్డి కోయడం ‘కొసితి’. ధాన్యాన్ని చిన్న కొడవలితో కోస్తే వేరే క్రియ వాడతారు. ఈ ‘కొసితి’ని కాస్త సాగదీసి పలికితే మన ‘కోసితి’ కాదూ? నేను కోసితిని అనే పాత తెలుగు మాటే చెవిలో పడుతుంది. ఇది చుట్టరికం కాదు, కేవలం కాకతాళీయం. వాళ్లది స్లావిక్ ధాతువు, మనది ద్రావిడ ధాతువు. కానీ ఒక రైతుబిడ్డకు గుర్తుపెట్టుకోవడానికి ఇంతకంటే మంచి క్రియ దొరకదు. మన లిపిలో వాళ్ల ఉచ్చారణ అంతా పట్టదు గనుక దీర్ఘాలు వదిలేసి రాస్తున్నాను. వాళ్లకు రెండు రకాల ‘చ’ కూడా ఉన్నాయి, రెండింటికీ ఒకే అక్షరం వాడుతున్నాను.

వర్తమానం ఇలా ఉంటుంది:

నేను కోస్తున్నాను – కొసిమ్
నువ్వు కోస్తున్నావు – కొసిష్
అతడు, ఆమె, అది – కొసి
మేము కోస్తున్నాము – కొసిమో
మీరు కోస్తున్నారు – కొసితె
వాళ్లు కోస్తున్నారు – కొసె

తమాషా చూడండి. వాళ్ల ‘కొసి’ అంటే ‘కోస్తున్నాడు’. మన ‘కోసి’ అంటే కోత అయిపోయి తరువాతి పనికి పోతున్నట్టు. వాళ్ల ‘కొసితె’ అంటే ‘మీరు కోస్తున్నారు’. మన ‘కోసితే’ అంటే ఇంకా కోయనే లేదు. బాలవ్యాకరణం ప్రకారం మొదటిది క్త్వార్థకం, రెండవది చేదర్థకం. ధ్వని ఒకటే, చూపు పూర్తిగా వేరు.

అన్ని క్రియలూ ‘ఇమ్’తోనే నడవవు. మూడు బాటలున్నాయి. కొసిమ్, కొసిష్, కొసి అన్నది ఒకటి. ‘చితాతి’ది ఆకారం బాట: చితామ్, చితాష్, చితా, చితామో, చితాతె, చితాయు. ‘పీసతి’ది ఎకారం బాట: పీషెమ్, పీషెష్, పీషె, పీషెమో, పీషెతె, పీషు. ఈ మూడో బాటలో ‘స’ కాస్తా ‘ష’ అయింది గమనించండి. ఇందాకటి ‘కుపోవతి’ కూడా ఈ బాటలోదే. కానీ దాని మధ్యలోని ‘ఓవ’ వర్తమానంలో ‘ఉయ్’గా మారి ‘కుపుయెమ్’ అవుతుంది. ఆ భాష నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. క్రియ మూలరూపం చూసి వర్తమానం ఊహించకూడదు, రెండూ కలిపి కంఠస్థం చేయాలి.

ఇంటర్మీడియట్‌లో మార్కుల కోసం ద్వితీయ భాషగా సంస్కృతం తీసుకున్న మిత్రులు మనలో చాలామంది. ఇన్నాళ్లకు అది అక్కరకొస్తుంది. పఠామి, పఠసి, పఠతి. పఠామః, పఠథ, పఠన్తి అని గడగడ చదివి, ఆ పక్కనే చితామ్, చితాష్, చితా. చితామో, చితాతె, చితాయు అని చదవండి. ‘మి’ అరిగిపోయి ‘మ్’ అయింది, ‘సి’ కాస్తా ‘ష్’ అయింది, ‘థ’ ‘తె’గా నిలిచింది. ‘అన్తి’లోని అనునాసికం పాత స్లావిక్‌లో ఉండేది, తరువాత పోయింది. సంస్కృతమూ స్లావిక్ భాషలూ ఒకే ఇండో-యూరోపియన్ కుటుంబం కనుక ఇందులో కాకతాళీయం ఏమీ లేదు. ఇది నిజమైన చుట్టరికం.

భూతకాలానికి వస్తే ‘ఉండు’ అనే అర్థం ఉన్న సహాయక క్రియ కావాలి: సమ్, సి, యె, స్మో, స్తె, సు. ఇవి మన అస్మి, అసి, అస్తి, స్మః, స్థ, సన్తి అని వేరే చెప్పాలా! దీనికి ముందు క్రియను లింగాన్ని బట్టి మారుస్తారు. మగవాడు ‘కొసియో సమ్’ అంటాడు, నేనైతే ‘కొసిలా సమ్’ అనాలి. అందరం కలిసి కోస్తే ‘కొసిలి స్మో’. తెలుగులో ‘నేను’ అన్నప్పుడు ఆడా మగా తేడా లేదు, ‘కోసిన’ అంటే ఎవరికైనా చెల్లుతుంది. వాళ్లకు వర్తమానంలో లేని లింగభేదం భూతకాలంలో వస్తుంది.

భవిష్యత్తుకు ‘కోరు’ అనే క్రియ అరిగిపోయి మిగిలిన ముక్కను చేరుస్తారు. సెర్బులు కలిపి ‘కొసిచు’ అని రాస్తారు, క్రొయేట్లు విడదీసి ‘కొసిత్ చు’ అని రాస్తారు. పలకడం మాత్రం ఇద్దరూ ఒకేలా పలుకుతారు. రాతలో దూరం, నోటిలో దగ్గర. ఆ భాష కథంతా ఈ ఒక్క ముక్కలో ఉందనిపిస్తుంది.

ముగియని క్రియకే ఉన్న హక్కులు

కొన్ని పనులు ముగియని క్రియ మాత్రమే చేయగలదు. మొదటిది, ‘ఇప్పుడేం చేస్తున్నావు?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం. అక్కడ ‘కొసిమ్’ అనాలి. ‘పొకొసిమ్’ అనే రూపం ఉంది గాని అది ఈ క్షణానికి పనికిరాదు. ‘కోత అయిపోయాక వస్తాను’ లాంటి వాక్యాల్లో ‘అయిపోయాక’ దగ్గర దాని చోటు. పూర్తయిన పని ఇప్పుడు జరుగుతూ ఉండదు కదా, అది తర్కమే.

రెండవది, ‘మొదలుపెట్టాను’, ‘ఆపేశాను’ అనే మాటల వెనుక ముగియని క్రియే రావాలి. ముగింపు కలిసి ఉన్న పనిని మధ్యలో ఆపలేం.

మూడవది, ‘కోస్తూ’ అనే రూపం. వాళ్లు ‘కొసె’కు ‘చి’ చేర్చి ‘కొసేచి’ అంటారు. ఇది ముగియని క్రియకే వస్తుంది. ముగిసిన క్రియకు ‘పొకొసివ్షి’ అనే రూపం వస్తుంది, అంటే ‘కోసి’ లేక ‘కోసేసి’. మన శత్రర్థకం, క్త్వార్థకం సరిగ్గా ఈ రెండే. చూపు అనే సంగతి మనకు కొత్త కాదని ఇక్కడే తేలిపోయింది.

నాలుగవది, వద్దని చెప్పడం. ‘కోయకు’ అని అడ్డుపెట్టేటప్పుడు సాధారణంగా ముగియని క్రియనే వాడతారు. పని మొదలే కావద్దు అంటున్నప్పుడు ముగింపు మాట ఎందుకు?

ఇవి గాక, పాత పుస్తకాల్లోనూ జానపద గాథల్లోనూ కనబడే ఒక భూతకాలం ముగియని క్రియలకే ఉంది. ఈనాటి మాటల్లో అది అరుదు.

జల్‌పల్లి లెక్క

ఇక మన ఊరికి వద్దాం. హైదరాబాద్ పాతనగరం దాటి పహాడీ షరీఫ్ గుట్ట వైపు వస్తే మా జల్‌పల్లి. ఇక్కడ ఇంటికి ఇల్లు ఆనుకుని తెలుగు, దక్కనీ రెండూ నడుస్తాయి. పశువుల గడ్డి మోపుతో నేను వస్తుంటే పక్కింటి చాచా ‘క్యా కర్రే బేటీ?’ అని అడుగుతారు. అమ్మ లోపలినుంచి ‘ఏం చేస్తున్నవే?’ అని అడుగుతుంది. రెండు ప్రశ్నలూ ముగియని క్రియలోనే ఉన్నాయి.

తెలుగు క్రియను విప్పి చూద్దాం. ‘కోస్తున్న’ అంటే ‘కోస్తు’, ‘ఉన్న’. కోస్తూ ఉన్నాను అని. మా వైపు ఇలా నడుస్తుంది: నేను కోస్తున్న, నువ్వు కోస్తున్నవు, ఆయన కోస్తున్నడు, ఆమె కోస్తున్నది, మేము కోస్తున్నం, మీరు కోస్తున్నరు. పుస్తకాల్లో దీర్ఘాలు పెట్టి కోస్తున్నాను, కోస్తున్నావు అని రాస్తారు. వరంగల్, కరీంనగర్ మిత్రులు ‘కోస్తాండు’ అంటారు. రాయలసీమ మిత్రులు ‘కోస్తా ఉండాడు’ అంటారు, అందులో అతుకు స్పష్టంగా కనబడుతుంది. ఉత్తరాంధ్రలో ‘కోత్తన్నాడు’ వింటాం. రూపాలు ఎన్నో, సూత్రం ఒకటే: ముందు చేసే పని, వెనుక ‘ఉండు’.

దక్కనీని విప్పితే? గ్రంథాల ఉర్దూలో ‘కాట్ రహా హూఁ’ అన్నది ఇక్కడ వాడకంలో ‘కాట్ రౌఁ’ అయింది. ‘జా రహా హూఁ’ జారౌఁ అయింది, ‘ఆ రహా హూఁ’ ఆరౌఁ అయింది. ‘రహ్’ అంటే ఉండిపోవడం. అంటే ఇక్కడా ముందు పని, వెనుక ‘ఉండు’. సినిమాల్లో ఈ మాటలు వినిపించగానే నవ్వుతారు. కానీ ‘కోస్తూ ఉన్నాను’ నలిగి ‘కోస్తున్న’ అయినట్టే, ‘కర్ రహా హూఁ’ నలిగి ‘కర్రౌఁ’ అయింది. ఒకటి గౌరవనీయమైన సంధి, మరొకటి తప్పు ఉచ్చారణ ఎలా అవుతాయి?

పని పూర్తయినప్పుడు చూడండి. సెర్బో-క్రొయేషియన్‌లో ముందు ‘పొ’ తగిలించారు. మనం వెనుక ఇంకో క్రియ తగిలిస్తాం. కోసేసినం, కోసి పెట్టినం, కోసుకున్నం. మొదటిది పని వదిలించుకున్నట్టు, రెండవది ఒకరి కోసం చేసినట్టు, మూడవది మనకోసం చేసుకున్నట్టు. దక్కనీలోనూ ఉర్దూలోనూ అచ్చం ఇలాగే: కాట్ డాలే, కాట్ దియే, కాట్ లియే. వేయు, పెట్టు, కొను అని మనం. డాల్, దే, లే అని వాళ్లు. కుటుంబం చూస్తే దక్కనీకి సెర్బో-క్రొయేషియన్ దూరపు చుట్టం, తెలుగు ఏమీ కాదు. క్రియ కట్టే పద్ధతి చూస్తే దక్కనీ తెలుగు పక్కనే కూర్చుంటుంది. ఇది ఒక్క హైదరాబాదు సంగతి కాదు, భారతదేశంలోని వేరువేరు కుటుంబాల భాషలు శతాబ్దాల సహవాసంతో ఒకే రకం లక్షణాలు పెంచుకున్నాయని ఎమెనో అనే భాషాశాస్త్రవేత్త 1956లోనే ఒక ప్రసిద్ధ వ్యాసంలో నిరూపించారు. మా వీధిలో దానికి ఇంకా దగ్గరి సాక్ష్యం ఉంది. ‘వస్తానని చెప్పాడు’ అనడానికి దక్కనీలో ‘ఆతౌఁ బోల్‌కే బోలా’ అంటారు. ఆ ‘బోల్‌కే’ మన ‘అని’ నడిచిన బాటలోనే నడిచింది. చుట్టరికం ఎక్కడో ఉన్నా ఇరుగుపొరుగు చేసే పని ఇది.

అయితే ఒక చోట మనకూ వాళ్లకూ తేడా ఉంది. ‘నిన్న గడ్డి కోసిన’ అని నేనంటే గట్టు మొత్తం అయిపోయిందా, కొంత కోసి వచ్చానా? తెలుగులో అది తేలదు. పూర్తయిందని చెప్పాలంటే ‘కోసేసిన’ అనాలి. ఇంకా సాగుతున్నదని చెప్పాలంటే ‘కోస్తున్న’ అనాలి. సెర్బో-క్రొయేషియన్‌లో అలా మధ్యలో నిలబడే వీలు లేదు. నోరు తెరిచేముందే ‘కొసిలా’నా ‘పొకొసిలా’నా తేల్చుకోవాలి.

కాదనడంలో మాత్రం మా తెలంగాణ మాట చాలా చక్కగా ఉంటుంది. ‘కోయలేదు’ అంటే పని జరగలేదు. ‘కోస్తలేదు’ అంటే ఇప్పుడు ఆ పని నడవడం లేదు. పుస్తక భాషలో దీనికి ‘కోయడం లేదు’ అని రెండు మాటలు కావాలి, అదీ క్రియను నామవాచకం చేసి. మా ‘కోస్తలేను, కోస్తలేవు, కోస్తలేడు, కోస్తలేం’ పట్టిక అంతా క్రియగానే నడుస్తుంది. బడిలో ఇలా రాస్తే ఎర్ర సిరా పడేది. వ్యాకరణం దృష్టితో చూస్తే ఇందులో లోపమేమీ లేదు, పైగా పొదుపు ఉంది.

పట్టికలో లేని గడి

ఇదంతా పుస్తకాల ముచ్చట అనుకునేవారికి ఒక సంగతి చెబుతాను. మా కొద్దిపాటి పొలం మహేశ్వరం వైపు ఉంది. ఒక యాసంగిలో వరి కోతకొచ్చింది. మడి తడిగా ఉండి యంత్రం దిగలేదు, కూలీలతో కొడవళ్లతో కోయించాం. ఎకరం కోసే సరికి అకాల వర్షం, వడగళ్లు. కోసిన పనలు నీళ్లలో తేలినయి, కోయని ఎకరంలో గింజలు రాలిపోయినయి. నష్టం రాసుకోవడానికి ఒకరు వచ్చారు. నాన్న చెప్పిన మాట నాకు గుర్తుంది: ‘కోస్తనే ఉన్నం సారూ, సగం కూడా కాలే, వాన దంచికొట్టింది.’ ఆయన చేతిలో పట్టికలో రెండే గడులు ఉన్నాయి. కోతకు ముందు, కోత పూర్తి. కొడవళ్లు కనబడుతున్నాయి గనుక ఆయన ‘కోత పూర్తి’ దగ్గర టిక్కు పెట్టారు. కోత పూర్తయినవాళ్లకు ఆ జాబితాలో చోటు లేదు. కోసిన ఎకరంతో పాటు నిలబడి నష్టపోయిన ఎకరం కూడా లెక్కలోంచి పోయింది. నాన్న తరువాత రెండుసార్లు తిరిగి, నాట్ల పని మీద పడి మానుకున్నారు.

ఆ మనిషి చెడ్డవాడని నేననను. ఆయన చేతిలోని కాగితం తయారు చేసినవాళ్ల దగ్గర ముగియని క్రియ లేదు, అంతే. గడ్డి కోతే అనుకుని ఆ వాక్యాన్ని బాల్కన్ రైతు చెబితే ఎలా ఉంటుంది? ‘కొసిలి స్మో’ అని మొదలుపెట్టి వాన పడిందంటే కోస్తుండగా పడిందని అర్థం. ‘పొకొసిలి స్మో’ అని మొదలుపెడితే కోత అయ్యాక పడిందని అర్థం. రాసుకునేవాడికి తప్పించుకునే దారి లేదు. నాన్న మాటలోనూ ఆ తేడా అంతే స్పష్టంగా ఉంది. ‘కోస్తనే’లోని ‘నే’తో సహా ఉంది. నోటి మాటలో ఉన్న ఖచ్చితత్వం రాతలోకి ఎక్కేటప్పుడే జారిపోయింది.

వ్యవసాయంలో ఇలా సగంలో ఉండే పనులే ఎక్కువ. దున్నుతున్నం, నీళ్లు పెడుతున్నం, బాకీ కడుతున్నం, పట్టా కోసం తిరుగుతున్నం. ‘బాకీ కడుతున్నాడు’ అన్నదాన్ని ‘బాకీ కట్టాడు’ అని రాసినా ప్రమాదమే, ‘కట్టలేదు’ అని రాసినా ప్రమాదమే. రైతు జీవితంలో అధిక భాగం ముగియని క్రియలోనే గడుస్తుంది.

మాట్లాడినట్టు రాసినవాళ్లు

ఈ సందర్భంలో ఇద్దరు మహనీయులను తలుచుకోవాలి. సెర్బియాలో త్రషిచ్ అనే పల్లెలో రైతు కుటుంబంలో 1787లో పుట్టిన వూక్ కరాజిచ్, పండితుల చర్చి భాషను పక్కనపెట్టి పల్లె జనం మాటలను పోగుచేసి 1818లో నిఘంటువు అచ్చువేశాడు. మాట్లాడినట్టే రాయాలన్నది ఆయన పట్టు. పండితులు ఎగతాళి చేశారు. ఆయన 1864లో చనిపోయిన నాలుగేళ్లకు, 1868లో, సెర్బియా ప్రభుత్వం ఆయన రాత పద్ధతిని ఆమోదించింది. మన దగ్గర 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు అదే పోరాటం చేశారు. సవర భాషకు వ్యాకరణం రాసిన చేతితోనే వ్యావహారిక తెలుగు కోసం కలం పట్టారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఉస్మానియాలో భాషాశాస్త్రం బోధించిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊరూరా రైతుల నోటినుంచి వ్యవసాయ పదాలు సేకరింపజేయగా, మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో వెలువడింది.

వారు సేకరించినవి ఎక్కువగా నామవాచకాలు: నాగలి భాగాలు, నేలల రకాలు, కొడవళ్ల పేర్లు. ఆ పనిముట్లలో చాలా వరకు ఈనాడు పొలంలో లేవు. క్రియలు మాత్రం ఇంకా ఉన్నాయి. ట్రాక్టరుతో దున్నినా ‘దున్నుతున్నం’ అనే అంటాం.

అందుచేత మిత్రులకు ఒక విజ్ఞప్తి. మన కళాశాలలో అన్ని జిల్లాలవాళ్లం ఉన్నాం, ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చినవారూ ఉన్నారు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక్క క్రియ తీసుకోండి. కోయడమో, నేయడమో, వండటమో, మీ ఇంటి పని ఏదైతే అది. ‘నేను’ మొదలు ‘వాళ్లు’ దాకా, అవుననీ కాదనీ, సాగుతున్నప్పుడూ ముగిసినప్పుడూ మీ అమ్మానాన్నలు ఎలా అంటారో విని, దిద్దకుండా, ఉన్నదున్నట్టు ఒక కాగితం మీద రాసుకు రండి. వచ్చే ఏడు సావనీర్‌లో రెండు పేజీలు వాటికి కేటాయించమని సంపాదక వర్గాన్ని అడిగాను, సరేనన్నారు. రేపు మనలో కొందరం ఉద్యోగాల్లో చేరి ఇతరుల మాటలను పట్టికల్లోకి ఎక్కించేవాళ్లం అవుతాం. అప్పుడు ఎదుటి మనిషి ‘కోస్తున్నం’ అన్నాడా, ‘కోసినం’ అన్నాడా అని ఒక్క క్షణం ఆగి వింటే చాలు. గడి లేకపోతే పక్కన ఖాళీలో పెన్నుతో రాయవచ్చు.